క్రొత్త బంతి రకమును సాధించు విధానము
హాలియా ప్రాంత రైతులకు ఒక పాఠము

భాద్రపద బహుళ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు దీపావళి వఱకు మన ప్రాంతమున పూవులతో పనిలేని యిల్లు లేదు. గునుగు, తంగేడు చెలకల గట్లపై వానంతట అవియే పూచును. బంతిని మాత్రము నారుపోసి, నాటి, నీరుపెట్టి పెంచవలసియున్నది. సాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వచ్చినది మొదలు హాలియా చుట్టుపట్ల వరి పెరిగినది. అయినను కాలువ నీరెక్కని ఎఱ్ఱచెలకలలో బోరుబావి క్రింద అర ఎకరమో, ఎకరమో బంతి నాటువారు మన సంఘమున కొందఱు కలరు. ఆ కొన్ని వారములలో వచ్చు ధరయే వారి సంవత్సరపు ఆశ. పండుగ దాటిన తరువాత పూచిన పూవును, పండుగకు పూచినను ముద్దగా లేని పూవును అడుగువారుండరు.

విత్తనమును గూర్చి మేము ఒక యేడు పొరబడితిమి. ఆ పొరపాటును ఇచ్చట చెప్పుట మంచిదని తోచుచున్నది. కొనిన సంకరవిత్తనము ముద్దగా, ఒక్క రంగున, ఒక్కసారిగా పూచెను. వాటిలో మిక్కిలి పెద్దవగు పూవులను ఏరి, ఎండబెట్టి, వచ్చు సంవత్సరమునకు విత్తనముగా దాచితిమి. మఱునటి యేడు ఆ చేను చూడవలసినదే! ఒక మొక్క మోకాలెత్తు, ఒకటి నడుమెత్తు. ఒకటి ముద్ద, ఒకటి రెక్క. కొన్ని పసుపు, కొన్ని నారింజ. గంపలు అంగడికి పోయినవి గాని అడ్తిదారు వాటిని కలగూరగంపగా లెక్కగట్టెను. మంచి పూవునుండియే విత్తనము తీసితిమి గదా, ఇట్లేల జరిగెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో క్రొత్త రకమును సాధించు మార్గమును తెలిసినట్లే. ఈ నెల పాఠమును అందులకే వ్రాయుచున్నాము.

బంతిపూవు నిర్మాణము

మనము ఒక పూవు అనుకొనునది నిజమునకు ఒక పూవు కాదు, అనేకములగు చిన్న పూవుల గుంపు. రెక్కబంతిని చేతబట్టి విప్పి చూడుడు. అంచున నున్న ఒక్కొక్క రెక్కయు ఒక్కొక్క పూవు. దాని మొదట గింజ యుండును. పైన రెండుగా చీలిన నాలుకవంటి కీలాగ్రముండును. ఇది ఆడుపూవు, దీనికి పుప్పొడి లేదు. నడుమ నున్న సన్నని గొట్టములవంటివి వేఱు పూవులు. వాటిలో పుప్పొడియు కీలాగ్రమును రెండును గలవు. అందును పుప్పొడి ముందు రాలును, కీలాగ్రము తరువాత విచ్చుకొనును. కావున బంతి యందు పరపరాగ సంపర్కమే ఎక్కువ. ఆ పని చేయునవి తేనెటీగలు మొదలగు పురుగులు.

ఇక ముద్దబంతిని విప్పుడు. నడుమ గొట్టములుండవలసిన చోట అవియు రెక్కలై మారియుండును. ఎంత ముద్దయో అంత తక్కువ పుప్పొడి. ఈ ఒక్క మాటను మనస్సున నుంచుకొనవలయును.

విత్తనమేల చెడును?

చేనిలో వంద ముద్దబంతులు, పది రెక్కబంతులు ఉన్నవనుకొందము. పుప్పొడి ఎక్కడ ఎక్కువ? ఆ పది రెక్కబంతులయందే. తేనెటీగ అక్కడికే ముందు పోవును. అక్కడనుండి ముద్దబంతి మీద వ్రాలును. మనము మిక్కిలి ముద్దగానున్న పూవును తల్లిగా ఎన్నుకొంటిమి; దానికి తండ్రి యెవరో మనము చూడలేదు. చేనిలో అందఱికంటె హీనమగు మొక్కయే తండ్రియై యుండవచ్చును. ప్రతి యేడును ఇట్లే జరిగినచో నాలుగైదేండ్లలో ముద్దబంతి రెక్కబంతిగా దిగజారును. పొలమున సారము పోయినదని మనము నేలను నిందింతుము.

సంకరవిత్తనమున మఱియొక కారణము గలదు. రెండు వేర్వేఱు శుద్ధరకములను కలుపగా పుట్టిన మొదటి తరము ఒకే తీరుగా నుండును. ఆ తరమునుండి తీసిన రెండవ తరమున తల్లి గుణములు, తండ్రి గుణములు, దాగియున్న గుణములు విడివిడిగా బయటపడును. ఇది విత్తనము అమ్మినవారి మోసము కాదు, సృష్టిక్రమము. ఒక పంటకు నష్టమైన ఈ కలగాపులగమే క్రొత్త రకమునకు మూలధనము. ఎందుకనగా తల్లిలోను తండ్రిలోను లేని కూడిక అందే దొరకును. మన దేశమున పేరొందిన పూసా నారంగి గెందా అను బంతి ఢిల్లీ యందలి భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో క్రాకర్ జాక్, గోల్డెన్ జూబిలీ అను రెండు రకముల సంకరమునుండి తీసినదే. గోల్డెన్ యెల్లో, సన్ జయంట్ అను వాటి సంకరమునుండి పూసా బసంతి గెందా వచ్చినది.

దసరాకు ముందు చేయవలసిన ఎంపిక

ఆరుద్ర కార్తెలో నారుపోసి, మూడు నాలుగు వారముల నారును అడుగున్నర ఎడముగా నాటినచో రెండు గుంటలలో సుమారు వెయ్యి మొక్కలు పట్టును. ఎంపికకు ఈమాత్రము చాలును. ఈ రెండు గుంటలను ఇరువది చదరములుగా త్రాళ్లు కట్టి విభజింపవలెను. ఒక్కొక్క చదరమున ఏబది మొక్కలుండును. ప్రతి చదరమునుండియు రెండేసి మంచి మొక్కలను ఏరవలెను. చేనంతయు తిరిగి మిక్కిలి పెద్ద మొక్కలను ఏరినచో పెంటకుప్ప వేసిన చోట, నీరు నిలిచిన చోట బలిసిన మొక్కలే దొరకును. ఆ బలిమి నేలది గాని విత్తనముది కాదు. పక్కపక్కనే ఒకే నేలలో నున్నవానిని సరిపోల్చినప్పుడు మాత్రమే జాతిగుణము తెలియును.

వేటిని చూచి ఏరవలెను? కంటికి ఇంపుగానున్నది ఒక్కటే చాలదు. మొదట, పండుగకు సరిగా అందునట్లు పూయవలెను. రెండవది, ముసురుపట్టిన దినములలో మొగ్గ కుళ్లకుండవలెను, ఆకు మచ్చలు తక్కువగా నుండవలెను. మూడవది, గాలికి కొమ్మ విరుగరాదు. నాలుగవది, పూవు గంపలో నిలువవలెను. దీనికి మేము చేయు పరీక్ష సులభమైనది. ఏరిన ప్రతి మొక్కనుండి ఐదు పూవులు కోసి, గుర్తుచీటితో వేర్వేఱు చిన్న గంపలలో నీడన రెండు దినములుంచి, మూడవనాడు గంపను కుదిపి చూడవలెను. రెక్కలు రాల్చిన మొక్కను, అది ఎంత అందమైనదైనను, విడిచిపెట్టవలెను. హాలియాలో తెల్లవారుజామున కోసిన పూవు హైదరాబాదునందలి గుడిమల్కాపూర్ పూల అంగడిని చేరి, అక్కడ అమ్ముడుపోయి, ద్వారమునకు తోరణమగు వఱకు నిలువవలెను గదా!

కొమ్మముక్కలు, వేఱు మడి

ఎన్నుకొనిన నలువది మొక్కల చుట్టును హీనమగు మొక్కలున్నవి. వాటి పుప్పొడి అప్పటికే వీటి మీద పడియుండును. కావున ఆ చేనినుండి విత్తనము తీయరాదు. మఱేమి చేయవలెను? బంతి కొమ్మ సులభముగా వేరుపట్టును. ఏరిన ప్రతి మొక్కనుండి మూడు నాలుగు అంగుళముల లేత కొమ్మలను ఐదాఱు కోసి, మొగ్గలను త్రుంచి, క్రింది ఆకులను తీసి, నీడన తడి ఇసుకలో గ్రుచ్చవలెను. రెండు వారములకు వేళ్లు వచ్చును. దసరాకు కోసిన కొమ్మ దీపావళికి నాటుటకు సిద్ధమగును.

ఈ మొక్కలను తక్కిన బంతిచేలకు దూరముగా వేఱు మడిలో నాటవలెను. అర మైలు ఎడమున్నచో మంచిది. నలువది మొక్కల కొమ్మలు ఐదేసి చొప్పున రెండు వందలు. వానికి ఏబది చదరపు గజములు చాలును. మార్గశిరములో ఈ మడి పూచును. పండుగ బంతి అప్పటికే పీకివేయబడియుండును. మడిలోనున్న ప్రతి తల్లియు మనము ఏరినదే, ప్రతి తండ్రియు మనము ఏరినదే. తేనెటీగ తన యిష్టమువచ్చినట్లు తిరిగినను మన పనియే చేయును. ఈ పాఠమునకంతకును ఇదియే కీలకము: మంచి పూవును ఏరుట సగము పని, చెడ్డ తండ్రిని పుప్పొడి విడువకముందే దూరము చేయుట తక్కిన సగము.

రెండు జాగ్రత్తలు. ఏరినవన్నియు నడుమ గొట్టపుపూవు ఒక్కటియు లేని గట్టిముద్దలైనచో పుప్పొడి చాలక గింజ కట్టదు. కావున ముద్దగానుండియు, బాగుగా విచ్చిన తరువాత నడుమ కొంచెము పుప్పొడి చూపు మొక్కలు కొన్నియైనను ఉండవలెను. మఱియు మొక్కల సంఖ్య ఇరువదికి తగ్గరాదు. ఒకటి రెండు మొక్కలనుండియే యేటేట విత్తనము తీసినచో దగ్గఱి సంబంధముల వలన సంతతి నీరసించును.

పూవులు చెట్టుననే ఎండి, కాడ గోధుమవన్నె వచ్చిన తరువాత కోసి, నీడన ఆరబెట్టి, నల్లని గింజలను వేఱుచేసి, మూత గట్టిగా బిగియు సీసాలో దాచవలెను. బంతి గింజ ఎక్కువ కాలము నిలువదు. మఱుసటి సంవత్సరమే నాటుట మేలు.

చేతితో సంకరము చేయుట

మన నేలలో ముసురుకు తట్టుకొను నాటుబంతి యొకటి, రంగున మిన్నయగు కొన్న రకమొకటి కలవనుకొందము. ఈ రెండు గుణములను ఒక్కచోట చేర్చగోరినచో సంకరము చేయవలెను. తల్లిగా నుండవలసిన మొగ్గకు విచ్చకముందే మల్లుగుడ్డ సంచి కట్టవలెను. అంచు రెక్కలు విచ్చుకొనగనే, నడిమి గొట్టములు తెఱవకముందే, సన్నని పటకారుతో ఆ గొట్టముల నన్నిటిని పెఱికివేయవలెను. రెక్కల మొదట చీలిన కీలాగ్రములు కనబడిన నాటి ఉదయము, సంచిలోనే విచ్చిన తండ్రిపూవును తెచ్చి, దాని పుప్పొడిని వానిపై మెల్లగా అద్దవలెను. రెండు మూడు దినములు ఇట్లు చేసి మరల సంచి కట్టి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ వ్రాసిన చీటి కాడకు కట్టవలెను. మొదటి తరమును చూచి సంతసింపవలదు, నిరాశ చెందవలదు. రెండవ తరమును వీలైనంత ఎక్కువగా నాటి, పైన చెప్పిన చదరముల పద్ధతిని అప్పుడు మొదలిడవలెను.

రేకులు లేని పూవును పాఱవేయకుడు

ఎప్పుడైన చేనిలో రెక్కలే లేక, కీలాగ్రములు మాత్రమే కుచ్చుగా నున్న మొండిపూవు కనబడవచ్చును. దానిని చీడపట్టినదని పీకివేయుట వాడుక. అది పుప్పొడి లేని మొక్క యగును. సంకరవిత్తనము చేయువారికి అది నిధివంటిది. తనంతట తాను ఫలింపలేదు కావున దానికి కట్టిన ప్రతి గింజయు పరాగము తెచ్చిన తండ్రిదే. గొట్టములు పెఱుకు కష్టము తప్పును.

ఈ గుణము దాగియుండు గుణము. శుద్ధమగు మామూలు మొక్కతో దానిని కలిపినచో సంతతి యంతయు పుప్పొడి గలదే యగును. ఆ సంతతిని తమలో తమకు కలిపినచో నాలుగింట మూడు పుప్పొడి గలవి, ఒకటి లేనిది పుట్టును. ఆ గుణమును లోన దాచుకొనిన తోబుట్టువుతో మొండిమొక్కను కలిపినచో సగము సగము వచ్చును. ఈ విధమున దానిని యేటేట నిలుపుకొనవచ్చును. లేదా కొమ్మముక్కలతో నిలుపవచ్చును. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వెలువరించిన అర్క బంగార అను పసుపుబంతి ఇట్లే పుప్పొడి లేనిది. అయితే దాని పూవు నిండుముద్ద. దానిని కొమ్మలతోనే పెంచుదురు.

ఎన్నేండ్లు పట్టును?

మొదటి యేట ఫలితము చూడగోరువాడు ఈ పనికి పూనుకొనరాదు. ఐదాఱు సంవత్సరములు ఒకే గుఱితో ఏరినచో చేను ఒక తీరునకు వచ్చును. గుఱిని యేటేట మార్చినచో పదేండ్లకును రాదు.

అమెరికా దేశమున డేవిడ్ బర్పీ అను విత్తన వర్తకుడు 1954లో ఒక బహుమానమును ప్రకటించెను. అచ్చముగా తెల్లని పెద్ద బంతిపూవు నిచ్చు విత్తనము పంపినవారికి 10,000 డాలర్లు. ఆ బహుమానము 1975లో గాని ఒకరికి దక్కలేదు. దానిని పొందినది శాస్త్రజ్ఞుడు కాదు; ఐయోవా రాష్ట్రమున సల్లీ అను చిన్న ఊరి గృహిణి ఆలిస్ వాంక్. ఆమె పద్ధతి యేమి? తన పెరటిలో ప్రతి యేడును అన్నిటికంటె వెలవెలబోయిన పూవునుండి విత్తనము తీసి మరల నాటుట. అంతకంటె రహస్యమేదియు లేదు. పెరటిలో సాధ్యమైనది సంఘమునకు సాధ్యము కాకపోదు.

క్రొత్త విత్తనము సిద్ధమైనదని తోచినప్పుడు దానిని పొగడుకొనక పరీక్షింపవలెను. కొన్న విత్తనమును, మన విత్తనమును పక్కపక్క సాళ్లలో, ఎఱ్ఱచెలకలో నొకచోట, నల్లరేగడిలో నొకచోట, వేర్వేఱు సభ్యుల పొలములలో మూడు సంవత్సరములు నాటి, కోసిన పూవును తూచి వ్రాసికొనవలెను. ఓడినచో ఓడినదని ఒప్పుకొనవలెను. రాజేంద్రనగరమున పుష్ప పరిశోధన కేంద్రము గలదు; ములుగునందు 2014లో ఏర్పడిన శ్రీ కొండా లక్ష్మణ్ పేరిటి ఉద్యాన విశ్వవిద్యాలయము గలదు. వారి సలహాను మొదటినుండియు పొందుట మంచిది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

కొన్న విత్తనమునుండి క్రొత్త రకము తీయుట నేరమా యని కొందఱు సభ్యులు అడిగియున్నారు. మన దేశమున 2001 సంవత్సరపు సస్యరకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము అమలునందున్నది. ఆ చట్టమున నమోదైన రకమును ప్రయోగమునకును, మఱియొక క్రొత్త రకమును సృజించుటకు మూలముగాను వాడుకొనవచ్చును. రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును, నాటుకొనవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. నమోదైన రకపు విత్తనమును ముద్రవేసి, పేరుపెట్టి వర్తకముగా మాత్రము అమ్మరాదు. రైతు సాధించిన రకమునకును నమోదు గలదు. అది తక్కిన రకములనుండి స్పష్టముగా వేఱుగా నుండవలెను, మొక్కలన్నియు ఒకే తీరుగా నుండవలెను, యేటేట ఆ గుణము నిలువవలెను. పైన చెప్పిన లెక్కలపుస్తకము లేనిచో ఈ మూడింటిని నిరూపించుట కష్టము. కావున మొదటి దినమునుండియే వ్రాత యుండవలెను.

ఇది ఒక్కని పని కాదు

ఒక్కడు తన చేనిలో ఎంత శ్రద్ధ వహించినను, పొరుగువాడు గట్టు అవతల సంక్రాంతికై రెక్కబంతి నాటినచో శ్రమ వ్యర్థము. తేనెటీగకు సర్వేనంబరు తెలియదు. కనుకనే ఈ పని సంఘము చేయదగినది. సభ్యుల ముందు మూడు ప్రతిపాదనలుంచుచున్నాము.

మొదటిది: విత్తనపుమడి యున్న దిక్కున, అది పూచు రెండు నెలలు, చుట్టు అర మైలులో బంతి నాటబోమని ఆ పొలములవారందఱు మాట యీయవలెను. రెండవది: పండుగ చేలలోను రెక్కబంతి మొదటి పూవు విచ్చిననాడే ప్రతివారును పీకివేయవలెను. మూడవది: విత్తనపుమడి వేసినవారు పూవు కోసి అమ్ముకొనలేరు, ఆ నష్టమును వారొక్కరే భరించుట న్యాయము కాదు. మడి పూవు విలువను కట్టి, విత్తనము పొందు సభ్యులందఱు పంచుకొనవలెను.

ఎకరము బంతికి, అడుగున్నర ఎడమున, పందొమ్మిది వేలకు పైగా మొక్కలు పట్టును. ఇప్పుడు అన్ని గింజలను ప్రతి యేడును చేతి డబ్బు పెట్టి కొనుచున్నాము. ధర పడిపోయిన యేడు ఆ అప్పు మిగులును. మన విత్తనము మన సీసాలో నున్న యేడు పూవు ధర పడిపోయినను విత్తనపు అప్పు మాత్రముండదు. ఇంతకంటె పెద్ద ఆశను మేము చూపజాలము. ఇంతకు తక్కువ ఫలముండునని మాకు తోచదు.

మొదట ఈ దసరాకు ప్రతి సభ్యుడును తన చేనిలో మూడు మొక్కలకు ఎఱ్ఱదారము కట్టి, రెండు దినముల గంప పరీక్ష చేసి, వచ్చు సమావేశమునకు కొమ్మముక్కలను తడిగోనెలో చుట్టి తీసికొనిరావలయునని కోరుచున్నాము. ఇరువదిమంది వచ్చినచో అరువది మొక్కలగును. మడికి అవి చాలును.